దూరపు పరుగు – వదలని నొప్పులు

పరుగెత్తి పాలు తాగడం కంటె నిలబడి నీళ్లు తాగడం మేలని మన సామెత. ఆత్రపడేవాడిని మందలించడానికి పుట్టిన మాట ఇది. దూరపు పరుగు అలవాటు చేసుకొన్నవారికి ఈ సామెత మరొక విధంగా కూడ అక్కరకు వస్తుంది. ఎట్లా పరుగెత్తాలో నేర్చుకొన్నవాడు ఎప్పుడు ఆగాలో కూడ నేర్చుకోవాలి. ఆ రెండవ విద్యను గురించి విద్యార్థి మిత్రులకు కొన్ని మాటలు మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

తగరపువలస గోస్తనీ నది ఒడ్డున, విశాఖపట్నానికి విజయనగరానికి మధ్య జాతీయ రహదారి మీద ఉన్న ఊరు. భీమునిపట్నం సముద్రతీరం ఇక్కడికి అయిదారు కిలోమీటర్లు. తెల్లవారుజామున ఈ దారుల మీద పరుగెత్తేవారిని గమనిస్తే మూడు రకాలవారు కనిపిస్తారు. మొదటివారు పోలీసు, సైనిక ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షకు సిద్ధమయ్యే యువకులు, యువతులు. వేలాది కార్మికులకు అన్నం పెట్టిన చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడిన తరువాత, ఈ ప్రాంతపు కుటుంబాలలో ఇటువంటి ఉద్యోగాల మీద ఆశ పెరిగినదే గాని తగ్గలేదు. రెండవవారు చక్కెర వ్యాధి, రక్తపోటు కారణంగా వైద్యుని సలహాపై బయలుదేరిన నడివయస్కులు. మూడవవారు మావంటివారు. పతకం మీద గాని ఉద్యోగం మీద గాని దృష్టి లేక, పరుగులో ఉన్న ఆనందం కోసమే ఆదివారం నాడు భీమిలి దాకా వెళ్లి తిరిగి వచ్చేవారు. తూర్పు నౌకాదళం ఆధ్వర్యంలో 2014లో ప్రారంభమైన వైజాగ్ నేవీ మారథాన్ మాబోటివారికి ఒక గమ్యాన్ని చూపింది. అయిదు కిలోమీటర్ల పరుగు మొదలు పూర్తి మారథాన్, అనగా 42.195 కిలోమీటర్ల వరకు, ఎవరి శక్తికి తగిన దూరం వారు ఎంచుకొనే వీలు అందులో ఉన్నది.

ఈ ముగ్గురికీ ఉమ్మడి శత్రువు ఒకటి ఉన్నది. అది మంచాన పడవేసే పెద్ద దెబ్బ కాదు. పరుగెత్తనివ్వదు, అట్లాగని పూర్తిగా మానుకొనేంత బలమైనదీ కాదు. మోకాటి చిప్ప వద్ద సన్నని సలుపు, మడమలో పోటు, కాలి ముందరి ఎముక వెంట మంట. వారం రోజులు తగ్గినట్లుండి, మళ్లీ బూట్లు కట్టగానే తలుపు తట్టే అతిథి. దీనిని గురించి మన వీధులలో రెండు సలహాలు వినవస్తాయి. "ఓర్చుకొని పరుగెత్తు, అదే పోతుంది" అనేది ఒకటి. "పరుగు మానెయ్యి, మోకాళ్లు అరిగిపోతాయి" అనేది రెండవది. రెండూ సరికావని నేటి వైద్యవిజ్ఞానం చెబుతున్నది.

పరుగు సామాన్యులకు ఎట్లా చేరింది

పోటీలతో సంబంధం లేని సామాన్యులు ఆరోగ్యం కోసం దూరపు పరుగు సాగించడం చాల పాత ఆచారమేమీ కాదు. న్యూజీలాండ్ దేశపు శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ శిష్యులైన పీటర్ స్నెల్, మరీ హాల్‌బర్గ్ 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో స్వర్ణ పతకాలు గెలిచారు. ఆ తరువాత లిడియార్డ్ ఆక్లండ్ నగరంలో నడివయస్కులను, గుండెజబ్బు వచ్చి కోలుకొన్నవారిని సైతం చేరదీసి, నెమ్మదిగా పరుగెత్తడం నేర్పించాడు. 1962లో అక్కడికి వెళ్లిన అమెరికా శిక్షకుడు బిల్ బోవర్‌మన్ ఆ పద్ధతిని చూచి తన దేశానికి తీసుకువెళ్లాడు. "జాగింగ్" అనే మాట లోకమంతటా వ్యాపించడానికి ఇదొక ముఖ్య కారణం. లిడియార్డ్ బోధనలో కీలకమైన అంశం ఒక్కటే. పరుగెత్తేటప్పుడు పక్కవానితో మాట్లాడగలిగేటంత నెమ్మదిగా వెళ్లాలి. ముందు దూరం అలవాటు కావాలి, వేగం సంగతి ఆ తరువాత.

మన దేశంలోనూ చెప్పుకోదగిన చరిత్ర ఉన్నది. బీహారుకు చెందిన శివనాథ్ సింగ్ 1976 మాంట్రియాల్ ఒలింపిక్ మారథాన్‌లో 11వ స్థానం పొందాడు. 1978లో జలంధర్‌లో ఆయన 2 గంటల 12 నిమిషాలలో మారథాన్ పూర్తిచేసి నెలకొల్పిన జాతీయ రికార్డు నాలుగు దశాబ్దాలకు పైగా చెక్కుచెదరకుండ నిలిచింది. ఆయన పాదరక్షలు లేకుండ పరుగెత్తడానికి ప్రసిద్ధుడు. అయితే ఇది చదివి రేపే బూట్లు విడిచి రోడ్డెక్కరాదని విద్యార్థులకు మనవి. చిన్ననాటినుండి వట్టికాళ్లతో తిరిగిన పాదం వేరు, పదేళ్లుగా చెప్పులకు అలవాటుపడిన పాదం వేరు.

నొప్పి ఎందుకు వస్తుంది

ఒక కిలోమీటరు పరుగులో సుమారు వేయి అడుగులు పడతాయి. నేలను తాకే ప్రతి అడుగులోను శరీరపు బరువుకు రెండు మూడు రెట్ల బలం కాలిమీద పడుతుంది. అరవై కిలోల మనిషి పది కిలోమీటర్లు పరుగెత్తితే, ఒక్కొక్క కాలు నూట ఇరవై కిలోలకు తక్కువ కాని భారాన్ని సుమారు అయిదు వేల సార్లు మోస్తున్నదన్నమాట. ఆరోగ్యవంతమైన దేహానికి ఇది అసాధ్యం కాదు. భారం పడినచోట కణజాలం మొదట కొద్దిగా దెబ్బతిని, విశ్రాంతిలో మునుపటికంటె గట్టిగా పునర్నిర్మాణం పొందుతుంది. శిక్షణ అంటే ఇదే. ఈ మరమ్మతు పూర్తికాకముందే మళ్లీ మళ్లీ భారం పడినప్పుడు నొప్పి పుడుతుంది.

ఇక్కడ గమనించవలసిన రహస్యం ఒకటి ఉన్నది. దేహంలోని భాగాలన్నీ ఒకే వేగంతో బలపడవు. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాలలోనే పుంజుకొంటాయి. కండరాలు వాటి వెనుక నడుస్తాయి. కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులకు, అనగా మనవాళ్లు వాడుకలో "నరం" అనేవాటికి, నెలలు కావాలి. ఎముక సంగతి మరీ విచిత్రం. కొత్త భారం పడగానే ఎముక ముందు తన పాత భాగాన్ని కొంత తొలగించుకొని, ఆ తరువాత కొత్తది కట్టుకొంటుంది. తొలగింపు కొద్ది వారాలలో జరుగుతుంది, కట్టుబడి పూర్తికావడానికి మూడు నెలలకు పైగా పడుతుంది. అందుచేతనే కొత్తగా పరుగు మొదలుపెట్టిన యువకుడికి నెల తిరిగేసరికి ఊపిరి బాగా ఆడుతుంది, ఉత్సాహం ఉరకలు వేస్తుంది, సరిగ్గా అదే సమయానికి ఎముక బలహీనంగా ఉంటుంది. ఊపిరి చెప్పిన మాట విని దూరం రెట్టింపు చేసినవారికి కాలి ముందరి ఎముక మంట మొదలవుతుంది.

వారానికి పదిశాతం మించి దూరం పెంచరాదని ఒక సూత్రం ప్రచారంలో ఉన్నది. 2008లో ప్రచురితమైన నెదర్లాండ్స్ దేశపు గ్రోనింగెన్ పరిశోధనలో 532 మంది కొత్తవారిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఈ సూత్రం ప్రకారం, రెండవ జట్టుకు మామూలు పద్ధతిలో శిక్షణ ఇచ్చారు. రెండు జట్లలోను దాదాపు అయిదుగురిలో ఒకరికి దెబ్బలు తగిలాయి. కనుక పదిశాతం అనేది రక్షరేకు కాదు. అంకె కంటె ముఖ్యం ఎవరి దేహం ఏమి చెబుతున్నదో వినడం. మేము అనుసరిస్తున్న పద్ధతి ఇది: మూడు వారాలు కొద్ది కొద్దిగా పెంచి, నాల్గవ వారం మూడింట ఒక వంతు తగ్గించడం. వారంలో నాలుగు రోజులు పరుగు, రెండు రోజులు కండర వ్యాయామం, ఒక రోజు పూర్తి విశ్రాంతి. వరుసగా రెండు రోజులు గట్టి పరుగు ఉండదు.

నొప్పుల గుర్తింపు

తరచుగా వచ్చే నొప్పులు అయిదు.

మొదటిది మోకాటి చిప్ప చుట్టూ వచ్చే సలుపు. మెట్లు దిగేటప్పుడు, చాలసేపు కాళ్లు మడిచి కూర్చొని లేచేటప్పుడు, నమాజులో సజ్దా నుండి నిలబడేటప్పుడు ఇది తెలుస్తుంది. తొడ, తుంటి కండరాలను బలపరచుకోవడం దీనికి మందు. అంగ కొంచెం తగ్గించి, నిమిషానికి పడే అడుగుల సంఖ్యను అయిదు నుండి పది శాతం వరకు పెంచితే మోకాటిపై భారం తగ్గుతుందని 2011లో జరిగిన పరిశోధన నిరూపించింది.

రెండవది మోకాటి వెలుపలి పక్కన వచ్చే పోటు. తుంటినుండి మోకాటి కింది వరకు సాగే దళసరి పట్టీ వంటి కణజాలం అక్కడ ఒత్తిడికి గురికావడం దీనికి కారణం. పల్లం దిగేటప్పుడు ఇది ఎక్కువ.

మూడవది మడమ వెనుక ఉన్న మోటు స్నాయువు నొప్పి. గ్రీకు వీరుడు అకిలీస్ పేరిట ప్రసిద్ధమైనది ఇదే. స్వీడన్ దేశపు వైద్యుడు ఆల్‌ఫ్రెడ్‌సన్ 1998లో ఈ నొప్పితో బాధపడే 15 మంది సామాన్య పరుగు సాధకులకు ఒక వ్యాయామం నేర్పాడు. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, మడమను నెమ్మదిగా మెట్టుకంటె కిందికి దించడం. మోకాలు చాపి పదిహేనేసి సార్లు మూడు విడతలు, మోకాలు కొద్దిగా వంచి మరి మూడు విడతలు, రోజుకు రెండు పూటలు, పన్నెండు వారాలు. పదిహేనుగురూ మళ్లీ పరుగెత్తారు. ఖర్చు ఏమీ లేదు. కావలసినది ఒక మెట్టు, మూడు నెలల ఓపిక.

నాల్గవది అరికాలి నొప్పి. ఉదయం మంచం దిగి వేసే మొదటి అడుగులో మడమ కింద మేకు గుచ్చినట్లుంటుంది. నాలుగు అడుగులు వేశాక సర్దుకొంటుంది. కాలివేళ్ల కింద చుట్టిన తువాలు పెట్టుకొని, మడమను నెమ్మదిగా ఎత్తి దించే వ్యాయామం రోజు విడిచి రోజు చేస్తే, కేవలం సాగదీసే వ్యాయామం కంటె మూడు నెలలలో మంచి గుణం కనిపించిందని 2014లో డెన్మార్క్ పరిశోధకులు చూపారు. మాలో ఒకరికి ఈ నొప్పి ఏడు నెలలు ఉన్నది. ఆ ఏడు నెలలూ పరుగు పూర్తిగా ఆగలేదు. దూరం సగానికి తగ్గినది, అంతే.

అయిదవది, అన్నింటికంటె జాగ్రత్తగా చూడవలసినది, కాలి ముందరి ఎముక నొప్పి. ఎముక లోపలి అంచు వెంట జానెడు పొడవున మంటగా ఉండి, ఒళ్లు వేడెక్కాక తగ్గితే అది తొలి దశ. దూరం తగ్గించి, మెత్తని నేల ఎంచుకొంటే చాలవరకు తగ్గుతుంది. నొప్పి ఒకేచోట, రూపాయి బిళ్ల కప్పగలిగేంత మేర కేంద్రీకరించినా, ఆ కాలిమీద ఒంటికాలితో గెంతలేకపోయినా, రాత్రి నిద్రలో బాధించినా, అది ఎముకలో సన్నని పగులు కావచ్చును. ఆనాడే పరుగు ఆపి ఎముకల వైద్యుని చూడాలి. తొలి రెండు మూడు వారాలలో ఎక్స్‌రేలో ఈ పగులు కనిపించకపోవచ్చును. కనుక ఎక్స్‌రే బాగున్నదని మళ్లీ మైదానానికి పోరాదు.

ఎప్పుడు సాగాలి, ఎప్పుడు ఆగాలి

సున్న అంటే నొప్పి లేకపోవడం, పది అంటే భరింపరాని నొప్పి అనుకొందాము. స్నాయువు నొప్పులలో అయిదు వరకు నొప్పి ఉన్నా, మరునాటి ఉదయానికి అది పెరగకుండ ఉంటే, కొద్దిపాటి పరుగు కొనసాగించినందువల్ల నష్టం లేదని స్వీడన్‌లో 2007లో వెలువడిన పరిశోధన తేల్చింది. మేము మరికొంత జాగ్రత్తగా మూడు దగ్గరే హద్దు గీసుకొన్నాము. పరుగులో నొప్పి మూడు దాటినా, నడక తీరు మారి కుంటు వచ్చినా, మరునాటికి నొప్పి పెరిగినా ఆ వారం దూరం తగ్గిస్తాము. ఎముక నొప్పికి మాత్రం ఈ లెక్క వర్తించదు. అక్కడ హద్దు సున్నయే.

పూర్తి విశ్రాంతి ఎందుకు చాలదని విద్యార్థులు అడగవచ్చును. మంచం మీద నాలుగు వారాలుంటే నొప్పి తగ్గుతుంది, దానితోపాటు స్నాయువు బలమూ తగ్గుతుంది. తిరిగి పాత దూరమే పరుగెత్తితే పాత నొప్పే వస్తుంది. విశ్రాంతి, మంచుగడ్డ, కట్టు, కాలు ఎత్తిపెట్టడం అనే నాలుగింటి సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్, తరువాతి కాలంలో మంచుగడ్డ గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చునని తానే సవరించుకొన్నాడు. కొలత ప్రకారం భారం మోపడమే నేటి చికిత్సకు మూలం. పరుగుకు తిరిగి వచ్చేవారు ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాల నడకతో మొదలుపెట్టి, నొప్పి లేకుంటే వారానికొక మెట్టు పరుగు పెంచి నడక తగ్గించుకోవాలి.

నొప్పిమాత్రల విషయంలో ఒక హెచ్చరిక. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి మాత్రలు వేసుకొని దూరపు పరుగుకు పోవడం ప్రమాదకరం. చెమటతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇవి మూత్రపిండాలను దెబ్బతీయగలవు. అంతకుమించి, ఆగమని దేహం చేసే సంజ్ఞను అవి వినబడకుండ చేస్తాయి.

మన నేల, మన ఎండ, మన తిండి

జాతీయ రహదారి పక్కన పరుగెత్తరాదు. తప్పనిసరి అయితే ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేటట్లు కుడిపక్కన వెళ్లాలి. రోడ్డు అంచులు నీరు పోవడానికి ఒకవైపు వాలుగా ఉంటాయి. ఎప్పుడూ ఒకే పక్కన పరుగెత్తేవారికి ఒక తుంటి, ఒక మోకాలు ఎక్కువ నలుగుతాయి. వాహనాలు లేని చోట పక్క మార్చుకోవడం మంచిది. భీమిలి ఇసుక చూడడానికి మెత్తగా ఉన్నా, పొడి ఇసుకలో మడమ లోతుగా దిగి పిక్కలకు, మడమ స్నాయువుకు శ్రమ ఎక్కువ. కెరటం తడిపిన గట్టి ఇసుక నయమే, కాని అది సముద్రంవైపు వాలి ఉంటుంది. పిక్కనొప్పి ఉన్నవారు రెండూ మానుకోవాలి. విశాఖనుండి భీమిలి వరకు సాగే తీరపు రోడ్డు ఎత్తుపల్లాలతో కూడినది. ఎక్కుడు ఊపిరిని పరీక్షిస్తే, దిగుడు మోకాళ్లను పరీక్షిస్తుంది. అన్నింటిలోకి గట్ల వెంట ఉన్న మట్టిదారి ఉత్తమం.

మన తీరప్రాంతంలో గాలి తేమగా ఉండడంవల్ల చెమట త్వరగా ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఎండాకాలంలో సూర్యోదయానికి ముందే ముగించాలి. వేగం తగ్గినందుకు విచారించనక్కరలేదు. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి మన పెద్దలు ఎరిగిన పానీయాలే. ఎముకకు, కండరానికి గుడ్లు, చేపలు, పప్పులు, రాగులు కావాలి. పరుగు పెంచి తిండి తగ్గించే విద్యార్థినులకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. చాలినంత ఆహారం లేక నెలసరి ఆగిపోయినప్పుడు ఎముక కూడ బలహీనపడుతుంది. ఇది సిగ్గుపడి దాచవలసిన సంగతి కాదు, వైద్యురాలికి చెప్పవలసిన సంగతి.

రంజాన్ మాసంలో పరుగు మానవలసిన పని లేదు. ఇఫ్తార్‌కు ముందు అరగంట తేలికపాటి పరుగు గాని, ఇఫ్తార్ అయిన రెండు గంటలకు కొద్దిపాటి శిక్షణ గాని చేయవచ్చును. మధ్యాహ్నపు ఎండలో రోజాతో పరుగెత్తరాదు. నొప్పి ఉన్నవారికి ఆ నెల దూరం తగ్గించి, కండర వ్యాయామంపై శ్రద్ధ పెట్టడానికి మంచి అదను.

విద్యార్థులకు, పాలకవర్గానికి

దేహదారుఢ్య పరీక్షలో 1,600 మీటర్ల పరుగు ఉంటుందని అందరూ ఎరిగినదే. ప్రకటన వెలువడిన తరువాత ఆరు వారాలలో సిద్ధం కావాలని ఉదయం, సాయంత్రం సిమెంటు రోడ్డు మీద పరుగెత్తే పిల్లలను మేము ఏటా చూస్తున్నాము. కాలి ఎముక మంట మొదలవుతుంది. చెబితే ఇంట్లో మాన్పిస్తారని, తోటివారు నవ్వుతారని దాచుకొంటారు. పరీక్షనాటికి అది పగులుగా మారుతుంది. ఒక యువకుని కష్టమంతా, ఒక కుటుంబపు ఆశంతా ఆ సన్నని గీతలో పోతుంది. రెండు నెలల ముందు నోరు విప్పి ఉంటే మూడు వారాల విశ్రాంతితో తప్పిపోయే ప్రమాదం అది.

దెబ్బ తగలడం చేతకానితనం కాదని మన విశాఖ బిడ్డ జ్యోతి యర్రాజి జీవితం చెబుతున్నది. 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణం, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో రజతం గెలిచి, 2024లో ఒలింపిక్ 100 మీటర్ల హర్డిల్స్‌లో పాల్గొన్న తొలి భారత మహిళగా నిలిచిన ఆమెకు 2025లో మోకాటి శస్త్రచికిత్స అవసరమైనది. నిపుణుల కనుసన్నలలో ఉన్నవారికే తప్పనిది, రోడ్డు మీద ఒంటరిగా పరుగెత్తే మన పిల్లలకు వస్తే ఆశ్చర్యమేమున్నది?

కళాశాల పాలకవర్గానికి మా మనవి నాలుగు అంశాలు. మైదానం తలుపులు తెల్లవారుజామున అయిదు గంటలకు తెరిపించాలి. మట్టి బాటను చదును చేయించి, వానాకాలంలో గుంతలు పూడ్పించాలి. విద్యార్థినులకు వేరుగా ఒక వేళ కేటాయించాలి. ఏడాదికి రెండుసార్లు ఒక ఫిజియోథెరపిస్టును పిలిపించి, నొప్పులున్న విద్యార్థులను చూపించాలి. వీటికయ్యే వ్యయం వార్షికోత్సవపు షామియానా ఖర్చు కంటె ఎక్కువ కాదు.

విద్యార్థులకు చెప్పవలసినది ఇంకొక్కటే. ప్రకటన కోసం ఎదురుచూడక నేడే మొదలుపెట్టండి, నెమ్మదిగా మొదలుపెట్టండి. చిన్న పుస్తకంలో రోజూ దూరం, నొప్పి అంకె రాసుకోండి. మూడు వారాలుగా ఒకేచోట నొప్పి కనబడితే ఆ పుస్తకం పట్టుకొని మా వద్దకు రండి. కలిసి చూద్దాము.